ఫిర్యాది, ముద్దాయి

తెలుగువాడు తన కష్టాన్ని సర్కారుకు విన్నవించుకోవడానికి వాడే మాటల్లో చాలాభాగం అరబ్బీ, ఫార్సీల నుంచి వచ్చినవే. ఫిర్యాదు, అర్జీ, దరఖాస్తు, దాఖలు, రసీదు, నకలు, వకీలు, హాజరు, జవాబు, తహశీలు, జిల్లా. ఇవన్నీ కచేరీల గుండా ఊళ్ళలోకి నడిచి వచ్చి, మతంతో నిమిత్తం లేకుండా ప్రతి ఇంటి మాటలైపోయాయి. ఆ ప్రయాణంలో ఒక్క మాట మాత్రం అర్థం తలకిందులు చేసుకుంది. అరబ్బీలోనూ ఉర్దూలోనూ 'ముద్దయీ' అంటే దావా వేసినవాడు, న్యాయం కోరి వచ్చినవాడు. ఎదుటి పక్షాన్ని 'ముద్దాఅలైహ్' అంటారు. అదే మాట తెలుగులో 'ముద్దాయి' అయ్యేసరికి నేరం మోపబడినవాడైంది. ఇదెట్లా జరిగిందో భాషావేత్తలు చూసుకుంటారు. పోలీసు ఠాణా గడప ఎక్కడానికి జంకే ముస్లిముకు మాత్రం ఈ మార్పు నిఘంటువు చూడకుండానే తెలుసు. న్యాయం అడగడానికి వెళ్ళినవాడు ముద్దాయిగా తిరిగి వస్తాడేమోనన్న భయం అతనికి కొత్తది కాదు.

ఫిర్యాదు చేసే అలవాటు అన్ని సమాజాల్లో ఒకే తీరుగా ఉండదు. కొందరికి తమకు జరిగిన లోపాన్ని అక్కడికక్కడే, ఆ బాధ్యుని ముఖంమీదే చెప్పడం సహజం. కొందరికి అది మర్యాద తప్పడం. మరికొందరికి అది ప్రమాదం. ఈ తేడాలను చూసి 'ఫలానా జాతి స్వభావమే అంత' అని తేల్చేయడం సులువు. మేము ఆ తీర్మానానికి సిద్ధంగా లేము. తెలుగు ముస్లిములు మాటరాని మనుషులేమీ కారు. హైదరాబాదు ఇరానీ హోటల్లో చాయ్ చల్లారితే కప్పు వెనక్కి పంపని మనిషి ఉండడు. గుంటూరు మిర్చి యార్డులోనైనా, కడప బజారులోనైనా బేరం దగ్గర మనవాళ్ళ గొంతు ఎవరికీ తీసిపోదు. అదే మనిషి రేషన్ కార్డులో బిడ్డ పేరు ఎగిరిపోతే తహశీల్దారు కార్యాలయం బయట చెట్టుకింద నిలబడి, లోపలికి వెళ్ళగలిగిన వేరే ఎవరికోసమో ఎదురుచూస్తాడు. బజారులో అతడు కొనుగోలుదారు. కచేరీలో తాను ఎవరో అతనికి స్పష్టంగా తెలియదు. లోపల కుర్చీలో ఉన్నవారు తనను ఎవరిగా చూస్తారోనన్న శంక మాత్రం స్పష్టంగా ఉంటుంది.

గోడుకూ ఫిర్యాదుకూ ఉన్న దూరం ఇదే. గోడు మనం రోజూ వెళ్ళబోసుకుంటాము. మస్జిద్ మెట్లమీద, పెళ్ళి దావతులలో, చబుత్రా మీద, ఆటో స్టాండులో, ఇప్పుడు వాట్సాప్ గ్రూపుల్లో. స్కాలర్‌షిప్పు రాలేదని, శ్మశానం గోడ కూలిందని, మురికి కాలువ ఏళ్ళ తరబడి తీయలేదని, ఉర్దూ బడిలో టీచరు లేడని. చెప్పేవాడూ వినేవాడూ ఒకే బాధలో ఉన్నవారు. విన్నవాడు నిట్టూర్చి 'అల్లా మాలిక్' అంటాడు, లేదా దక్కనీలో 'జానే దో' అంటాడు. కోస్తాలో అయితే 'పోనీలే భాయ్, మనకెందుకు' అంటాడు. బాధ్యత గల అధికారి పేరు, తేదీ, సంతకం, కోరుకునే పరిష్కారం ఉంటేనే గోడు ఫిర్యాదు అవుతుంది. మా కార్యాలయానికి వచ్చే ఉత్తరాల్లో చాలావాటికి ఈ నాలుగూ ఉండవు. ఉన్నవాటిలో సగానికి చివర 'దయచేసి నా పేరు, ఊరు వేయవద్దు' అన్న వాక్యం ఉంటుంది.

ఆర్థికవేత్త ఆల్బర్ట్ హిర్ష్‌మన్ 1970లో వెలువరించిన ఒక చిన్న గ్రంథంలో, ఏ సంస్థ పనితీరైనా దిగజారినప్పుడు దానిమీద ఆధారపడినవారి ముందు రెండు దారులుంటాయన్నాడు: వదలి వెళ్ళిపోవడం, లేదా గొంతెత్తడం. ఆ సంస్థపై ఉన్న మమకారం ఆ రెంటిలో దేనివైపు మొగ్గాలో నిర్ణయిస్తుందన్నాడు. ఆయన గమనించిన మరో సంగతి మన బస్తీలకు బాగా వర్తిస్తుంది. నాణ్యత గురించి ఎక్కువగా పట్టించుకునేవారు, గొంతెత్తగల శక్తి ఉన్నవారు ముందుగా వెళ్ళిపోతారు. వారు వెళ్ళాక ఆ సంస్థను నిలదీసేవారు ఎవరూ మిగలరు. ప్రభుత్వ ఉర్దూ పాఠశాలకు ఇదే జరిగింది. కాస్త స్తోమత ఉన్న ప్రతి కుటుంబమూ బిడ్డను సందు చివరి ఇంగ్లీషు మీడియం బడిలో చేర్చింది. ఆ బడికి ఆటస్థలం లేకపోవచ్చు, టీచర్లకు శిక్షణ లేకపోవచ్చు, అయినా ఫీజు కట్టి వెళ్ళింది. ఆ తల్లిదండ్రులను మేము తప్పు పట్టము. అయితే జిల్లా విద్యాధికారికి 'మా బడిలో ఇద్దరు టీచర్ల ఖాళీ భర్తీ చేయండి' అని రాయగల చదువున్న తండ్రి ఆ రోజే ఆ బడి నుంచి వెళ్ళిపోయాడు. మిగిలింది మిక్సీలు బాగుచేసేవాని కొడుకు, ఇళ్ళలో పనిచేసే తల్లి కూతురు. వారికి వెళ్ళే దారి లేదు, గొంతెత్తే అలవాటూ లేదు.

ఇక మతం పేరిట వినిపించే వాదన. ఫిర్యాదు చేయడం సబ్ర్‌కు విరుద్ధమనీ, కష్టాన్ని మనుషుల ముందు చెప్పుకోవడం అల్లాహ్ నిర్ణయంపై అసంతృప్తి వంటిదనీ కొందరు పెద్దలు మంచి మనసుతోనే చెబుతారు. వారు తరచు ఉదహరించేది హజ్రత్ యాఖూబ్ (అలైహిస్సలాం) గాథను. కన్నకొడుకు దూరమైన దుఃఖంలో ఆయన తన వేదనను అల్లాహ్‌కే విన్నవించుకున్నాడని దివ్య ఖుర్‌ఆన్ 'యూసుఫ్' సూరా చెబుతుంది. నిజమే. అయితే ప్రసంగం సాధారణంగా అక్కడితో ఆగిపోతుంది. సూరా ఆగదు. ఆ వెంటనే వచ్చే వాక్యంలోనే ఆయన కుమారులను పిలిచి, వెళ్ళి యూసుఫ్‌నూ అతని సోదరుణ్ణీ వెదకమంటాడు, అల్లాహ్ కారుణ్యంపట్ల నిరాశ పడవద్దంటాడు. కన్నీరు అల్లాహ్ సమక్షంలో కార్చినవాడే అన్వేషణకు మనుషులను పంపాడు. ఇదే సబ్ర్ అని మేము అర్థం చేసుకుంటున్నాము. 'నిసా' సూరాలో చెడు మాటలను బాహాటంగా పలకడాన్ని నిరసించిన చోటనే, అన్యాయానికి గురైనవాణ్ణి అందుకు మినహాయించడం కూడా గమనించదగింది.

అంతకన్నా స్పష్టమైన ఉదాహరణ ఒకటి ఉంది. మదీనాలో ఖౌలా బిన్త్ సఅలబా (రజి) అనే స్త్రీని ఆమె భర్త 'నీవు నాకు తల్లి వీపు వంటిదానివి' అన్నాడు. అజ్ఞానకాలపు అరబ్బు ఆచారంలో ఆ మాటతో భార్యకు దాంపత్యం పోయేది, విముక్తీ దక్కేది కాదు. ఆమె నేరుగా దైవప్రవక్త ముహమ్మద్ (సఅసం) వద్దకు వెళ్ళింది. చెప్పింది, మళ్ళీ చెప్పింది, వాదించింది. వయసులో ఉన్నంతకాలం అతనికి చేసిన సేవ, కన్న పిల్లల సంగతి అన్నీ ఏకరువు పెట్టింది. ఆమె ఫిర్యాదుకు సమాధానంగా అవతరించిన సూరా పేరే 'ముజాదలా', వాదన. ఆ దురాచారం రద్దయింది. ఆ మాట అన్న భర్తకు పరిహారం విధించబడింది. తరువాతి కాలంలో ఖలీఫా హజ్రత్ ఉమర్ (రజి) దారిలో ఈ వృద్ధురాలు ఆపితే ఆగి, ఆమె చెప్పినంతసేపూ తలవంచి విన్నాడని మన గ్రంథాలు చెబుతాయి. అదే ఉమర్ (రజి) హజ్ సమయంలో రాష్ట్రాల పాలకులను పిలిపించి, వారిపై ప్రజల ఫిర్యాదులను బహిరంగంగా వినేవాడు. తరువాతి శతాబ్దాల్లో అధికారుల దౌర్జన్యాలపై విచారణకు 'మజాలిమ్' అనే ప్రత్యేక న్యాయపీఠమే ఏర్పడింది. అల్ మావర్దీ తన రాజ్యపాలనా గ్రంథంలో దానికి ఒక అధ్యాయం కేటాయించాడు. జహంగీరు ఆగ్రా కోట నుంచి వేలాడదీయించిన అరవై గంటల బంగారు గొలుసు సంగతి మన ఉపన్యాసకులకు చాలా ఇష్టం. ఆ గొలుసు పొడవు గురించి ఆయన ఆత్మకథ చెబుతుంది కాని, దాన్ని లాగి న్యాయం పొందిన రైతు గురించి మన ఉపన్యాసాల్లో ఎప్పుడూ వినం. గంట ఉండడం వేరు, దాని దాకా సామాన్యుణ్ణి రానివ్వడం వేరు.

ఖౌలా (రజి) ఉదంతం దగ్గర మరికాస్త ఆగాలి. ప్రభుత్వం మన మొర వినడంలేదని సంపాదకీయాలు రాసే మేమూ, సభలు పెట్టే పెద్దలూ, మన ఇంటి ఆడపడుచు మొర ఎంత వింటున్నామన్న ప్రశ్నను తప్పించుకోకూడదు. అదనపు కట్నం కోసం కొట్టిన భర్తపై ఆమె నోరు విప్పబోతే మొదట ఎదురయ్యేది 'ఇంటి ఇజ్జత్'. రెండవది 'బిరాదరీలో మాట్లాడి సర్దేద్దాం'. మూడవది, ఇటీవల బాగా బలపడినది, 'బయటికి వెళితే కౌమ్ శత్రువులకు అస్త్రం దొరుకుతుంది'. ఈ మూడవ మాటలో కొంత నిజం ఉంది. ముస్లిం స్త్రీ కష్టం మీద సానుభూతి ఒలకబోసే కొందరికి ముస్లిం స్త్రీ చదువు మీద, ఉపాధి మీద, ఇంటి మీద ఏ ఆసక్తీ లేదని మేమెరుగుదుము. అయితే ఆ నిజాన్ని దెబ్బలు తిన్నదాని నోటికి తాళంగా వేయడం ఏ షరీఅత్? జమాఅత్ కమిటీలో ఒక్క స్త్రీ కూడా లేని చోట ఆమె గోడు ఎవరు రాసుకుంటారు? 2005 నాటి గృహహింస నిరోధక చట్టం అన్ని మతాల స్త్రీలకూ వర్తిస్తుంది. న్యాయసేవాధికార సంస్థల చట్టం ప్రకారం స్త్రీకి ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత వకీలు దొరుకుతాడు. ఈ రెండు సంగతులు నికాహ్ ఖుత్బా తర్వాత చెప్పే నాలుగు మాటల్లో చేర్చడానికి మన ఖాజీలకు ఏ అభ్యంతరమూ ఉండనక్కరలేదు.

భయం గురించి మాట్లాడకుండా ఫిర్యాదు గురించి మాట్లాడడం నిజాయితీ కాదు. 2007 మే 18న, శుక్రవారం నమాజు వేళ మక్కా మస్జిదులో బాంబు పేలింది. తొమ్మిదిమంది మరణించారు. ఆ తర్వాత జరిగిన పోలీసు కాల్పుల్లో మరో ఐదుగురు ప్రాణాలు కోల్పోయారు. చనిపోయినవారి పక్షాన న్యాయం అడగవలసిన పాతబస్తీ, నెలలు తిరగకుండానే తన పిల్లల అరెస్టులు చూసింది. బాధితుల బస్తీయే ముద్దాయిల బస్తీ అయింది. ఆ యువకులు, వారి కుటుంబాలు నోరు మూసుకోలేదు. నిర్బంధంలో చిత్రహింసలు పెట్టారని చెప్పారు. రాష్ట్ర మైనారిటీల కమిషన్ నియమించిన న్యాయవాది జైలుకు వెళ్ళి వారి మాటలను నమోదు చేశాడు. న్యాయస్థానాలు వారిని నిర్దోషులుగా విడుదల చేశాయి. జాతీయ మైనారిటీల కమిషన్ సిఫారసుపై రాష్ట్ర ప్రభుత్వం 2012లో పరిహారం, సచ్ఛీల పత్రాలు ఇచ్చింది. 2013లో ఆ పరిహారాన్ని హైకోర్టు కొట్టివేసింది. పేలుళ్ళ కేసులో ఆ తరువాత విచారించబడినవారు కూడా 2018లో నిర్దోషులుగా బయటికి వచ్చారు. పద్నాలుగుమంది మరణానికి చట్టం దృష్టిలో దోషి ఎవరూ మిగలలేదు. ఈ చరిత్ర తెలిసిన తండ్రి తన కొడుకుతో 'స్టేషను జోలికి పోకు బేటా' అంటే అది అతని పిరికితనమని మేము అనలేము.

సచార్ కమిటీ 2006 నివేదికలో ఇదే విషయాన్ని మరో కోణంలో చెప్పింది. ఒకవైపు జాతివ్యతిరేకులన్న ముద్ర, మరోవైపు బుజ్జగింపు పొందుతున్నవారన్న ముద్ర, రెండింటినీ ముస్లిములు ఏకకాలంలో మోస్తున్నారని రాసింది. ఈ రెండు ముద్రల మధ్య ఫిర్యాదుకు చోటెక్కడ? అడిగితే 'ఇప్పటికే ఎక్కువ ఇచ్చాం' అంటారు, గట్టిగా అడిగితే దేశభక్తిని తూకం వేస్తారు. అణగారిన వర్గాల వివక్ష ఫిర్యాదులు వినడానికి సమాన అవకాశాల కమిషన్ ఉండాలని ఆ కమిటీ సిఫారసు చేసింది. మాధవ మీనన్ నాయకత్వంలోని నిపుణుల బృందం 2008లో దానికి రూపురేఖలు కూడా సిద్ధం చేసి ఇచ్చింది. ఆ కమిషన్ నేటికీ పుట్టలేదు.

గల్ఫ్‌లో ఉన్న మన సోదరుల అనుభవం కూడా ఈ కథలో భాగమే. రాయచోటి, నిజామాబాదు, జగిత్యాల ప్రాంతాల నుంచి వెళ్ళిన కార్మికుడు, హిందువైనా ముస్లిమైనా, కఫీల్ దగ్గర పాస్‌పోర్టు పెట్టి, ఇఖామా పట్టుకుని బతుకుతాడు. జీతం ఆరు నెలలు ఇవ్వకపోతే కార్మిక కార్యాలయానికి పోవచ్చు. అయితే అతడు బయలుదేరాడని తెలియగానే యజమాని 'పారిపోయాడు' అని రాసి 'హురూబ్' పెడితే, జీతం అడిగినవాడే పట్టుబడవలసిన నేరస్థుడవుతాడు. సౌదీలో పనిచేసి వచ్చినవారికి ఆ మాట ఎవరూ వివరించనక్కరలేదు. ముద్దాయి అన్న మాట తెలుగులో తిరగబడినట్లే అక్కడ జీవితం తిరగబడుతుంది. విదేశాంగ శాఖ 2015లో ప్రారంభించిన 'మదద్' పోర్టల్‌లో ఇక్కడి కుటుంబసభ్యులే ఫిర్యాదు నమోదు చేయవచ్చు. ఆ సంగతి తెలిసిన ఇళ్ళు తక్కువ. తెలిసినా 'అక్కడ వాడికి ఏమవుతుందో' అని ఆగే తల్లులు ఎక్కువ.

భయం ఉన్నచోట ఫిర్యాదు అలవాటు ఎప్పటికీ పుట్టదా? మన పొరుగునే జవాబుంది. 1985 జూలై 17న కారంచేడులో, 1991 ఆగస్టు 6న చుండూరులో దళితులను చంపినవారు, ఆ వాడలు భయంతో నోరెత్తవనుకున్నారు. ఆ వాడలు ఊరు విడిచి శిబిరాల్లో కూర్చున్నాయి. కత్తి పద్మారావు, బొజ్జా తారకం వంటివారి నాయకత్వంలో దళిత మహాసభ రాష్ట్రమంతా కదిలింది. ఏడుపు ఎఫ్ఐఆర్ అయింది, ఎఫ్ఐఆర్ ఉద్యమమైంది. ఆ కాలపు ఒత్తిడి నుంచి వచ్చిన 1989 నాటి అత్యాచారాల నిరోధక చట్టం, విధిని నిర్లక్ష్యం చేసిన అధికారికే శిక్ష విధించింది. చుండూరు కేసు విచారణకు ఆ గ్రామంలోనే ప్రత్యేక న్యాయస్థానం వెలసింది. 2007లో అది వేసిన శిక్షలను 2014లో హైకోర్టు రద్దు చేసిన మాట నిజమే. తీర్పులు నిరాశ పరచినా, ఠాణాలో కూర్చుని 'నా ఫిర్యాదు రాయండి' అని అడిగే దళిత యువకుని గొంతు మాత్రం 1985కు ముందరి గొంతు కాదు. అది స్వభావంలో వచ్చిన మార్పు కాదు, వెనుక మనుషులు నిలబడితే వచ్చిన ధైర్యం. ముస్లిములకు ఆ చట్టపు రక్షణ లేదు. నిలబడే మనుషులు లేకపోవడానికి మాత్రం ఏ చట్టాన్నీ నిందించలేము.

పెద్ద అన్యాయాల దాకా పోనక్కరలేదు. మన పేర్ల సంగతే చూడండి. బడిలో 'ఎస్.కె. మస్తాన్', ఆధార్‌లో 'షేక్ మస్తాన్', ఓటరు జాబితాలో 'షైక్ మస్తాన్ వలి', పట్టాదారు పాసుపుస్తకంలో 'మస్తాన్ సాహెబ్'. 'ఎం.డి.' ఒకచోట, 'మహమ్మద్' ఒకచోట, 'మొహమ్మద్' మరోచోట. రాసింది గుమాస్తా. చూసింది మనం. 'పోనీలే, మనిషి నేనే కదా' అనుకున్నాం. ఇరవై ఏళ్ళ తరువాత బిడ్డ పాస్‌పోర్టు దగ్గర, ముసలితల్లి పింఛను దగ్గర, కన్నుమూసిన తండ్రి బీమా దగ్గర ఆ 'పోనీలే' ఎదురు తిరుగుతుంది. ఓటరు జాబితాలో అయితే ఇది మరింత ప్రమాదకరం. 2025లో బీహారులో జరిగిన ప్రత్యేక సవరణలో ముసాయిదా జాబితా వెలువడేసరికి సుమారు 65 లక్షల పేర్లు లేవు. తొలగించిన పేర్లను, కారణాలతో సహా ప్రకటించమని సుప్రీంకోర్టు ఆదేశించవలసి వచ్చింది. ఫారం 6 కొత్త పేరుకు, ఫారం 8 తప్పు దిద్దుబాటుకు. ఫారం 7 ఒకటుంది, దానితో మన పేరు మీద ఇతరులు అభ్యంతరం చెప్పవచ్చు. అంటే మనం ఫిర్యాదు చేయకపోయినా మన మీద ఫిర్యాదు చేసే ఓపిక ఉన్నవారు ఉంటారు.

వక్ఫ్ ఆస్తుల విషయంలో ఇన్నాళ్ళూ మన ఉదాసీనతకు చట్టమే ఒక గొడుగు పట్టింది. 1995 చట్టంలోని 107వ సెక్షను వక్ఫ్ స్థిరాస్తిని తిరిగి పొందే దావాలకు కాలపరిమితి లేకుండా చేసింది. ఆక్రమణ జరిగి ముప్పై ఏళ్ళయినా దావా వేయవచ్చు. 2025 సవరణ ఆ గొడుగును తీసివేసింది. ఇకపై 1963 నాటి కాలపరిమితి చట్టం వర్తిస్తుందంది. స్థిరాస్తి స్వాధీనానికి దావా వేయడానికి ఆ చట్టం ఇచ్చే గడువు సాధారణంగా పన్నెండేళ్ళు. ఈ సవరణ అన్యాయమైనదని మేము ఈ పత్రికలో రాశాము, మళ్ళీ రాస్తాము. అయితే అది మారేదాకా ఖబరస్తాన్ మూల నుంచి గజం గజం జరుగుతున్న ప్రహరీగోడ ఆగదు. ఆక్రమణపై ఫిర్యాదు అందితే వక్ఫ్ బోర్డు ముఖ్య కార్యనిర్వహణాధికారి చర్య మొదలుపెట్టడానికి 54వ సెక్షను ఉంది. ముతవల్లీతో వియ్యం ఉందనో, ఆక్రమించినవాడు మనవాడేననో ఊరుకుంటే కాలం లెక్క వాడి పక్షాన నడుస్తుంది. ఆక్రమించినవాడు మనవాడే కావడం ఎంత తరచుగా జరుగుతుందో పాఠకులకు మేము చెప్పనక్కరలేదు.

అందుకే ప్రతి జుమా నమాజు తరువాత మస్జిదు వరండాలో ఒక గంటసేపు ఒక బల్ల, రెండు కుర్చీలు వేయమని కమిటీలను కోరుతున్నాము. చదువుకున్న ఇద్దరు యువతీయువకులు అక్కడ కూర్చుని అర్జీలు రాసిపెట్టాలి. స్త్రీలు వచ్చే వీలు లేని మస్జిదు అయితే పక్కనే ఒక ఇంట్లో ఆ ఏర్పాటు ఉండాలి. సోమవారం కలెక్టరేట్లలో ప్రజా సమస్యల అర్జీలు తీసుకుంటారు, తెలంగాణలో దాన్ని ప్రజావాణి అంటారు. అర్జీ ఇచ్చి ఊరికే రాకూడదు, రసీదు తీసుకోవాలి. నెల తరువాత కదలిక లేకపోతే సమాచార హక్కు చట్టం కింద 'నా అర్జీ ఏ అధికారి దగ్గర, ఏ తేదీ నుంచి ఉంది' అని అడగాలి. ఆ ప్రశ్నకు ముప్పై రోజుల్లో జవాబు ఇవ్వాలి, దారిద్య్రరేఖకు దిగువన ఉన్నవారికి రుసుము లేదు. కేసు కట్టదగిన నేరమైతే ఎఫ్ఐఆర్ రాయడం పోలీసుల విధి అని సుప్రీంకోర్టు 2013లో లలితా కుమారి కేసులో తేల్చింది. స్టేషనులో రాయకపోతే భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 173వ సెక్షను ప్రకారం ఎస్పీకి పోస్టులో పంపవచ్చు, ఆపైన మేజిస్ట్రేటును ఆశ్రయించవచ్చు. ఎఫ్ఐఆర్ నకలు ఉచితం. జాతీయ మానవ హక్కుల కమిషన్ సంవత్సరం దాటిన సంఘటనను స్వీకరించదు, కాబట్టి 'బాధ తగ్గాక చూద్దాం' అన్నది అక్కడ పనికిరాదు. ఉర్దూ రెండు రాష్ట్రాల్లోనూ రెండవ అధికార భాష. ఉర్దూలో రాయగలిగినవారు ఉర్దూలోనే రాయండి. 'తెలుగులో తెచ్చుకో' అని తిప్పి పంపితే అది మరో ఫిర్యాదుకు విషయం.

ఒంటరిగా వెళ్ళవద్దు. ఠాణాకైనా, కలెక్టరేటుకైనా, వక్ఫ్ బోర్డుకైనా ఫిర్యాది వెంట కనీసం ముగ్గురుండాలి. వారిలో ఒకరు ఆ వీధిలోని హిందూ సోదరుడో, దళిత సంఘం కార్యకర్తో అయితే మరీ మంచిది. మురికి కాలువకు మతం లేదు. కలిసి పెట్టిన సంతకాల్లో పేర్లు విడదీసి ముద్ర వేయడం అధికారికి కష్టం.

వచ్చే సంచిక నుంచి ఈ పత్రికలో ఒక పుట పెండింగు అర్జీలకు కేటాయిస్తున్నాము. అర్జీ ఇచ్చిన తేదీ, కార్యాలయం, రసీదు సంఖ్య, గడిచిన రోజుల లెక్క అందులో ప్రతి నెలా అచ్చు వేస్తాము, పరిష్కారమయ్యేదాకా ఆ వరుస తీయము. పేరు వేయాలో వద్దో పంపినవారే నిర్ణయించవచ్చు. మాకు నకలు మాత్రమే పంపండి, అసలు మీ దగ్గరే భద్రంగా ఉంచుకోండి.